అంతర్జాతీయ పాఠశాలలో మాతృభాష స్థానము

మా కళాశాలకు వచ్చు దారిలో ‘ఇంటర్నేషనల్ స్కూల్’ అను పలకలు ఐదు కనబడును. అందొకటి కిరాణా దుకాణము పైన రెండవ అంతస్తులో నున్నది. లోపలికి పోయి విచారించినచో అచ్చట బోధించునది మన రాష్ట్రపు పాఠ్యక్రమమే. పిల్లలు మన వీధుల పిల్లలే. నేతిబీరకాయలో నేయి యెంతయో ఆ పలకలో అంతర్జాతీయత అంత. అయినను తల్లిదండ్రులు ఆ మాటను నమ్మి వేలకు వేలు రుసుము చెల్లించుచున్నారు. ఆ మాటయందు వారికి వినబడునది ఒక్కటే: ఇచ్చట మన పిల్లవాడు ఇంటి భాషను గడప అవతల విడిచి, ఆంగ్లము మాటలాడును.

గత విద్యాసంవత్సర ప్రారంభమున బి.ఎ. మొదటి సంవత్సరపు తరగతిలో ఒక విద్యార్థిని లేచి మమ్ము ఒక ప్రశ్న అడిగినది. ఆమె పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమమున చదివి వచ్చినది. “సార్, అమ్మ భాషలో చదివినవాళ్ళు ఈ ఊరు దాటి ఎక్కడికీ పోలేరని మా మామూ అంటారు. నిజమేనా?” అనినది. మేము వెంటనే మాతృభాషా ప్రాశస్త్యమును గూర్చి ఒక ఉపన్యాసమిచ్చితిమి. ఆమె వినయముగా విని కూర్చున్నది. కాని ఆమె అడిగినది ప్రాశస్త్యమును గూర్చి కాదు, ఊరు దాటుటను గూర్చి. ఆ సంగతి గంట మ్రోగిన పిదపగాని మాకు తట్టలేదు.

ఆ సాయంకాలము తెలుగు శాఖ వారమును, ఉర్దూ శాఖ వారమును ఒకచోట కూర్చుండి, నిజముగా నానా దేశముల పిల్లలు కలిసి చదువు పాఠశాలలో ఇంటి భాష ఏమగునో తెలిసికొనవలెనని నిశ్చయించితిమి. ఆ అధ్యయనమున మాకు దొరికినది ఈ వ్యాసమున చెప్పుచున్నాము.

అంతర్జాతీయ పాఠశాల అను భావనకు జెనీవా నగరము పుట్టినిల్లు వంటిది. మొదటి ప్రపంచ యుద్ధానంతరము నానాజాతి సమితియు, అంతర్జాతీయ కార్మిక సంస్థయు అచ్చట కార్యాలయములు నెలకొల్పగా, పలు దేశముల ఉద్యోగులు కుటుంబములతో వచ్చి చేరిరి. వారి పిల్లల కొరకు 1924లో అచ్చట అంతర్జాతీయ పాఠశాల స్థాపింపబడెను. 1926లో జవహర్‌లాల్ నెహ్రూ తన భార్య చికిత్సకై స్విట్జర్లండు వెళ్ళినపుడు, ఎనిమిదేండ్ల ఇందిర కొంతకాలము చదివినది ఆ పాఠశాలయందే.

చిన్నతనమున అందరు కలిసి చదువుటలో బాధ లేకపోయెను. విశ్వవిద్యాలయమునకు పోవు వయస్సు వచ్చినపుడే చిక్కు. ఆంగ్లేయ బాలుడు తన దేశపు పరీక్షకు, ఫ్రెంచి బాలిక తన దేశపు పరీక్షకు, అమెరికా వారు మరియొక పరీక్షకు సిద్ధము కావలసి వచ్చెను. అన్నేండ్లు ఒకే బల్లపై కూర్చున్నవారు కడపటి సంవత్సరములలో వేరువేరు గదులకు విడిపోవుచుండిరి. ఈ చిక్కు విప్పుటకై, ఏ దేశపు విశ్వవిద్యాలయమైనను అంగీకరింపదగిన ఒక పరీక్షను ఉపాధ్యాయులు కొందరు రూపొందింపజొచ్చిరి. ఆ కృషి ఫలించి 1968లో జెనీవాలోనే ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ ఏర్పడెను. నేడు అందరు దానిని ఐబీ అనుచున్నారు. బ్రిటిషు విద్యావేత్త అలెక్ పీటర్సన్ దాని మొదటి డైరెక్టర్ జనరల్.

సరిగా ఆ 1968లోనే మన హైదరాబాదున తెలుగు అకాడమి వెలసినది. ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులకు తెలుగులో పాఠ్యగ్రంథములు సమకూర్చుట దాని పని. ఒక సంస్థ అన్ని దేశముల వారికి ఒకే పరీక్ష కావలెననెను. మరియొక సంస్థ మన పిల్లలకు మన భాషలో పుస్తకము కావలెననెను. ఈ రెండు కోరికలు ఎడమొగము పెడమొగముగా నుండునని మేము మొదట తలంచితిమి. ఐబీ పాఠ్యప్రణాళికను చదివిన మీదట ఆ తలంపు మార్చుకొనవలసి వచ్చినది.

ఆ ప్రణాళిక నడచు తీరును చూచుటకు మేము వేల్సు దేశపు సముద్రతీరమున నున్న అట్లాంటిక్ కళాశాలను ఉదాహరణముగా గైకొంటిమి. సెంట్ డోనట్స్ అను ప్రాచీన దుర్గమే దాని భవనము. దాని వెనుకనున్న మనిషి కుర్ట్ హాన్. ఆయన జర్మనీలో పుట్టిన యూదుడు. సాలెం అను పాఠశాలను నడుపుచు, హిట్లరును బహిరంగముగా ఎదిరించినందుకు 1933లో నిర్బంధింపబడి, విడుదల యైన పిదప బ్రిటన్ చేరి, 1934లో గోర్డన్‌స్టన్ పాఠశాలను స్థాపించెను. 1955లో పారిస్ నగరమున నాటో రక్షణ కళాశాలను దర్శించినపుడు, పదియేండ్ల క్రిందట ఒకరినొకరు చంపుకొనిన దేశముల సైన్యాధికారులు ఒకే తరగతిలో కూర్చుండి చదువుట ఆయన చూచెను. యుద్ధము ముగిసిన తరువాత నడివయసు వారికి సాధ్యమైనది, యుద్ధము రాకముందే పదునారేండ్ల వారికి ఏల సాధ్యము కాకూడదను ప్రశ్న ఆయనకు కలిగెను. దాని ఫలమే 1962లో తెరువబడిన ఈ కళాశాల. మొదట బాలురకు మాత్రమే. 1967 నుండి బాలికలకును ప్రవేశము లభించెను. దాని వెంట పలు ఖండములలో యునైటెడ్ వరల్డ్ కాలేజీలు పుట్టినవి. మన దేశమున పూనా సమీపమునగల మహీంద్రా కళాశాల 1997లో ఆరంభమైనది.

ఈ కళాశాలలలో చదువు రెండేండ్లు. మన ఇంటర్మీడియట్‌తో సమానమైన వయస్సు. విద్యార్థి ఆరు వర్గముల నుండి ఆరు విషయములు ఎన్నుకొనును. మూడింటిని లోతుగా, ఒక్కొక్కటి 240 గంటలు; తక్కిన మూడింటిని సామాన్య స్థాయిలో, ఒక్కొక్కటి 150 గంటలు చదువుట వాడుక. ఒక్కొక్క విషయమునకు గరిష్ఠముగా 7 పాయింట్లు, వెరసి 42. ఇంక మూడు పాయింట్లు వేరొక పనికి కలవు. దానిని ముందు చెప్పెదము. రెండవది భాష నేర్చుకొను వర్గము, మూడవది సమాజశాస్త్రములు, నాల్గవది విజ్ఞానశాస్త్రములు, ఐదవది గణితము, ఆరవది కళలు.

మొదటి వర్గమును కావలెననియే దాచియుంచితిమి. మొదటి వర్గము ఆంగ్లమని మేమందరము ఊహించితిమి. కాదు. విద్యార్థికి మిక్కిలి పట్టుగల భాష, సాధారణముగా అతని ఇంటి భాష, ఆ భాషలోని సాహిత్యము. బల్గేరియా బాలికకు బల్గేరియను, ఇథియోపియా బాలునకు అమ్హారిక్. ప్రపంచమునందలి పిల్లలకు ఒకే పరీక్ష కూర్చుటకు కూర్చున్నవారు, ఆ పరీక్షలో మొదటి ఆసనమును ఎవరి భాషకు వారికే వదలిపెట్టిరి!

ఇచ్చట ఒక ఆక్షేపణ సహజముగా పుట్టును. ఒక బాలుడొక్కడే ఆ భాష ఎరిగినవాడైనచో పాఠము చెప్పువారెవరు? ఈ చిక్కునకు వారు కనుగొనిన ఉపాయము మమ్ము మిక్కిలి ఆకర్షించినది. ఉపాధ్యాయుడు లేకున్నను, పాఠశాల పర్యవేక్షణలో విద్యార్థి తన భాషా సాహిత్యమును తానే చదివి పరీక్ష వ్రాయవచ్చును. యునైటెడ్ వరల్డ్ కాలేజీలలో ఇట్టి స్వయం అధ్యయనము వింత కాదు. తొమ్మిది గ్రంథములు చదువవలెను. అందు కొన్ని తన భాషలో పుట్టినవి, కొన్ని అన్య భాషల నుండి అనువాదమై వచ్చినవి. ఎట్లు చదువవలెనో, ఎట్లు విమర్శింపవలెనో చెప్పుటకు ఒక ఉపాధ్యాయుడుండును; కాని ఆయనకు ఆ భాష రాకపోవచ్చును. సాధారణపు పట్టికలో లేని భాషయైనచో ముందుగా తెలియజేసి ప్రత్యేకముగా కోరవలెను. ఆ భాషలో చాలినంత లిఖిత సాహిత్యముండుట ఒక నియమము. తెలుగునకు, ఉర్దూకు ఆ విషయమున లోటున్నదని ఎవరును అనజాలరు.

ఒక క్షణము ఆ బాలుని ఊహించి చూడుడు. చుట్టును పదుల దేశముల భాషలు. పగలంతయు భౌతికశాస్త్రము, గణితము ఆంగ్లములో. సాయంకాలము గ్రంథాలయమున ఒక మూల, ఇంటి నుండి పెట్టెలో తెచ్చుకొనిన కథల సంపుటము. ఆ గది మొత్తములో ఆ లిపి చదువగలవాడు అతడొక్కడే. మన విద్యార్థులు తెలుగు విభాగమున నూరుమంది కూర్చుండి, గురువు చదివి వినిపించుచుండగా, గైడులోని సారాంశమును బట్టీయము వేయుచున్నారు. వీరిలో ఎవరికి భాష ఎక్కువ దగ్గరయో మేము తేల్చి చెప్పజాలము.

నిజము దాచుట తగదు గనుక ఇంకొక మాట. ఈ స్వయం అధ్యయనము సామాన్య స్థాయిలో మాత్రమే అనుమతింపబడును. తక్కిన విషయములు ఐబీ డిప్లొమాలో ప్రధానముగా ఆంగ్లము, ఫ్రెంచి, స్పానిషు భాషలలోనే నడచును. అనగా మాతృభాషకు దొరికినది ఆరింట ఒక పాలు. ఇంటిలో పెద్దపీట కాదు, అయినను పీట.

పరీక్షా విధానము వేరొక పాఠము. సాహిత్యపు మొదటి పత్రములో విద్యార్థి అదివరకెన్నడు చూడని రచనాభాగములు ఇత్తురు. సామాన్య స్థాయివాడు రెండింటిలో ఒకదానిని ఎన్నుకొని, గంటంబావు కాలములో దానిని విశ్లేషింపవలెను. రచయిత జన్మస్థలము, బిరుదులు, ఇతర కృతులు అను మన చిరకాల మిత్రులు అచ్చట ఏమాత్రము అక్కరకు రారు. ముందున్న వాక్యములు, చదువరి బుద్ధి, అంతే.

పైన చెప్పిన మూడు పాయింట్లు రెండు పనులకు కలిపి లభించును. ఒకటి, తానెన్నుకొనిన విషయముపై 4,000 మాటలకు మించని పరిశోధన వ్యాసము. రెండవది, జ్ఞాన సిద్ధాంతము అను పాఠము. ‘ఇది నిజమని నీకెట్లు తెలియును?’ అను ప్రశ్నయే ఆ పాఠమునకు సర్వస్వము. చరిత్రకారునకు ఎట్లు తెలిసినది, గణితజ్ఞునకు ఎట్లు తెలిసినది, రెండును ఒకే విధమైన తెలియుటయేనా? ఇది పాశ్చాత్యుల నూతన సృష్టియని కొందరనుకొందురు. మా తెలుగు శాఖ మిత్రులు వెంటనే న్యాయశాస్త్రమును ఎత్తుకొనిరి: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములను ఏర్పరచి వాదించినవారు మన పూర్వులు. ఉర్దూ శాఖ మిత్రులు ఊరకుండిరా? ఒక మాటను అంగీకరించుటకు ముందు అది ఎవరి నోటి నుండి ఎవరి చెవికి చేరినదో, ఆ గొలుసులోని ఒక్కొక్క మనిషి ఎంతటి నమ్మదగినవాడో విచారించిన ఇస్నాదు పద్ధతిని వారు పేర్కొనిరి. మన ఇంటిలో ఉండిన ఈ రెండు సంపదలలో ఏదియు నేడు మన డిగ్రీ తరగతుల సామాన్య విద్యార్థి చెంతకు చేరుటలేదు.

చదువుతోపాటు సృజన, శారీరక శ్రమ, సేవ అను మూడును ఐబీలో తప్పనిసరి. వీనికి పాయింట్లు లేవు, కాని చేయనివానికి డిప్లొమా లేదు. అట్లాంటిక్ కళాశాలలో సేవ అనగా ఏడాదికొకమారు చీపురు పట్టి ఛాయాచిత్రము తీయించుకొనుట కాదు. 1963 నుండి 2013 వరకు ఆ తీరమున ప్రాణరక్షక పడవల కేంద్రమును నడపినవారు విద్యార్థులే. అలలపై పనికివచ్చు పడవకై మొదటి ప్రిన్సిపాలు, నౌకాదళాధికారి డెస్మండ్ హోర్, విద్యార్థులతో కలిసి ఏండ్ల తరబడి ప్రయోగములు చేసెను. అడుగు గట్టిదిగాను, అంచులు గాలి నింపిన గొట్టములుగాను ఉండు పడవ అట్లు రూపొందెను. దాని హక్కును ఆయన బ్రిటిషు ప్రాణరక్షక సంస్థకు ఒకే ఒక పౌనుకు ఇచ్చివేసెను. నేడు ప్రపంచమంతట రక్షణ దళములు వాడు పడవలలో ఆ నమూనా ప్రసిద్ధమైనది. ఈ కథను మా విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు చెప్పినపుడు, “దానికి మార్కులెన్ని సార్?” అని ఒకడడిగెను. అతనిని నిందింపము, అట్లడుగుట నేర్పినవారము మేమే.

ఇట్టి పాఠశాలల జీవితమున చీకటికోణము లేదని చెప్పుట పొరపాటు. తండ్రి ఉద్యోగమును బట్టి మూడేండ్లకొక దేశము మారుచు, ఒక అంతర్జాతీయ పాఠశాల నుండి మరియొక దానికి పోవు పిల్లలున్నారు. అట్టివారికి ‘మూడవ సంస్కృతి పిల్లలు’ అను పేరు పెట్టినది అమెరికా సమాజశాస్త్రజ్ఞురాలు రూత్ హిల్ యూసీం. 1950వ దశకమున ఆమె భర్తతో కలిసి మన భారతదేశమునకే వచ్చి, ఇచ్చట నివసించు అమెరికా వారిని పరిశీలించుచు ఆ భావనకు వచ్చెను. మనలో కొత్తవారు కనబడగానే “మీదే ఊరు?” అని అడుగుదుము. ఆ ప్రశ్నకు ఈ పిల్లలు తడబడుదురట. పుట్టినది ఒకచోట, పాస్‌పోర్టు ఒక దేశముది, పెరిగినది నాలుగుచోట్ల. పట్టుకొనుటకు ఇంటి భాష ఒక్కటైనను ఉన్నవాడు కొంత నయము. అది కూడ జారిపోయినవాడు అందరితోను చక్కగా మాటలాడును, కలలో ఎవరితో ఏ భాషలో మాటలాడునో అతనికే తెలియదు.

రుసుముల మాట ఎత్తకున్న పాఠకులు మమ్ము క్షమింపరు. ఈ చదువు సామాన్యునకు అందని పండు. యునైటెడ్ వరల్డ్ కాలేజీలు పలు దేశములలో ఎంపిక సంఘముల ద్వారా విద్యార్థులను ఎన్నుకొని, అనేకులకు ఆర్థిక సహాయము చేయుచున్నవి. తక్కిన ప్రైవేటు అంతర్జాతీయ పాఠశాలలు చాలవరకు ధనికులకే. కనుక అందరును అచ్చటికి పొండని మేము చెప్పుటలేదు. చెప్పినను ఫలము లేదు.

మేము చెప్పదలచినది మన నగరమునకు సంబంధించినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినపుడు, ఆధునిక విద్యను ఉర్దూలో బోధించుట దాని ధ్యేయము. అంతకు ముందు సంవత్సరమే, 1917లో, అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడి, గ్రంథములను అనువదించుచు, లేని పారిభాషిక పదములను కల్పించుచు పనిచేసెను. వైద్యము, ఇంజనీరింగు సైతము ఒక భారతీయ భాషలో బోధింపబడెను. 1948 వరకు ఆ పద్ధతి సాగెను. అమ్మ భాషలో చదివినవారు ఊరు దాటలేరను మాటకు ఇదే సమాధానమని మా ఉర్దూ శాఖ వారు ఉత్సాహముతో పలికిరి.

ఇచ్చట మాలో మాకు కొంత వాదము జరిగినది. తెలుగు శాఖ వారు, “ఎవరి అమ్మ భాష?” అనిరి. నాటి హైదరాబాదు సంస్థానమున అధిక సంఖ్యాకుల ఇంటి భాష ఉర్దూ కాదు. తెలుగు బాలునకు ఉస్మానియాలో ఉర్దూ, ఆంగ్లమువలెనే నేర్చుకొనవలసిన పరాయి మాధ్యమము. తమ భాషకు నీడ కావలెననియే తెలుగువారు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయమును స్థాపించుకొనిరి. ఉర్దూ శాఖ వారు కొంతసేపు మౌనము వహించి, ఆ మాట న్యాయమేననిరి. తరువాత వారే మరియొక మాట చేర్చిరి: నాడు తెలుగు పిల్లవాడు తన రాష్ట్రములోనే అనుభవించిన పరాయితనమును నేడు ఉర్దూ పిల్లవాడు అనుభవించుచున్నాడు, ఇరువురును కలిసి ఆంగ్లము ముందు నిలిచినపుడు ఇద్దరి స్థితియు ఒక్కటే. ఈ మాటకు తెలుగు శాఖ వారి వద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. మాకొకటి తోచినది: ఒక పెద్ద భాషను తీసి మరియొక పెద్ద భాషను పెట్టుటకంటె, ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క పీట వేసిన ఐబీవారి ఏర్పాటు, అది ఆరింట ఒక పాలే యైనను, న్యాయమునకు దగ్గరగా నున్నది.

మన ఇంటర్మీడియట్ విద్యార్థులలో అనేకులు రెండవ భాషగా తెలుగును, ఉర్దూను వదలి, మార్కులు సులభముగా వచ్చునని సంస్కృతము తీసికొనుచున్నారు. సంస్కృతముపై ప్రేమచే తీసికొనినచో మేము నమస్కరింతుము. పరీక్ష ముగిసిన మరునాడు అందులో ఒక్క శబ్దమైనను జ్ఞాపకముండినచో ఇంకొకమారు నమస్కరింతుము.

ఇంతవరకు చదివి ఊరకుండుట మాకు సరిపడలేదు. ఒక శనివారము మధ్యాహ్నము తెలుగు, ఉర్దూ విభాగముల విద్యార్థులలో ఇష్టపడినవారిని కూర్చుండబెట్టితిమి. ఇరువది ముగ్గురు వచ్చిరి. ఒక తెలుగు కథ నుండి ఒక పుట, ఒక ఉర్దూ కథ నుండి ఒక పుట, శీర్షికయు రచయిత పేరును తీసివేసి, ఎవరి భాషలోనిది వారికి ఇచ్చితిమి. కాలము గంటంబావు. మొదటి పావుగంట ఒక్క కలమును కదలలేదు. “ఇది సిలబస్‌లో లేదు కదా సార్?” అని వెనుక బల్ల నుండి ప్రశ్న. లేదంటిమి. “మరి ఏం రాయాలి?” చదివినపుడు మీకు కనబడినది వ్రాయుడంటిమి. ఇద్దరు తెల్లకాగితములిచ్చి వెళ్ళిరి. కొందరు కథా సారాంశమును వ్రాసిరి. ఒకడు రచయితను మహాకవియని నాలుగు పంక్తులు పొగడెను. ఎవరిని పొగడుచున్నాడో అతనికి తెలియదు.

ఏడాది ఆరంభమున మమ్ము ప్రశ్నించిన ఆ విద్యార్థిని ఉర్దూలో అర పుట మాత్రమే వ్రాసినది. తలుపు మూసియున్నదని రచయిత మూడుమార్లు చెప్పెననియు, ఎవరు మూసిరో ఒక్కమారును చెప్పలేదనియు, ఇంటిలోని వారందరు ఆ పేరు ఎరిగియు పలుకుటకు భయపడుచున్నట్లు తనకు తోచుచున్నదనియు అందులో నున్నది. ఆ పుటను మేము అదివరకు ఎన్నోమార్లు బోధించియున్నాము. ఆ తలుపును మేమెన్నడు గమనింపలేదు. దానికి పదింట ఎన్ని మార్కులు వేయవలెనో మాకు తెలియక, ఆ కాగితమును మూల్యాంకనము చేయకయే శాఖ బీరువాలో భద్రపరచితిమి.